ఒక జాతిని బతికించడానికి ఇంకో జాతిని చంపడం న్యాయమేనా? పిటిషన్ మీద సంతకం పెట్టి ఇరుక్కుపోయా

సందేహాలరాయుడు:

అందరికీ నమస్తే. నెల రోజుల నుంచి బుర్ర తొలిచేస్తున్న విషయం ఇది, ఎవర్ని అడగాలో తెలీక ఇక్కడ పెడుతున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

ఆ మధ్య ఎవరో ఒక ఆన్‌లైన్ పిటిషన్ పంపారు. సముద్రం మధ్యలో ఏదో దీవి మీద హెలికాప్టర్లతో విషం గుళికలు చల్లి ఎలకలన్నిట్నీ, అంటే ఒక్కటి కూడా మిగలకుండా, చంపబోతున్నారు, ఆపండి అని. నేను మాంసం మానేసి చాలా ఏళ్ళయింది, చీమ కనపడినా అడుగు పక్కకేసే టైపు, ఇంకేం ఆలోచించకుండా సంతకం పెట్టేసి పది మందికి ఫార్వర్డ్ కొట్టా. ఆ పది మందిలో ఒక ఫ్రెండు సముద్రపక్షుల మీద రీసెర్చి చేస్తుంది. పది నిమిషాల్లో ఫోన్. హలో కూడా లేదు, "వీడియో పంపా, చూసి అప్పుడు మాట్లాడు" అని పెట్టేసింది.

దక్షిణ అట్లాంటిక్‌లో గాఫ్ అనే దీవిలో తీసిన వీడియో అది. రాత్రి కెమెరా, అంతా బూడిద రంగు. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి పిల్ల ఒకటి గూటి మీద కూర్చునుంది, పిల్ల అన్నమాటే గానీ బాతు కంటే పెద్దది, ఒళ్ళంతా నూగు. చిట్టెలకలు వీపు మీదకెక్కి కొరుకుతున్నాయ్. అది లేవదు. ఒకసారి తల వెనక్కి తిప్పి చూస్తుంది, మళ్ళీ ముందుకి తిప్పేసుకుంటుంది, అంతే. ఆ దీవి మీద నాలుగు కాళ్ళ జంతువు అనేదే ఎప్పుడూ లేదంట, ఓడల్లో వచ్చిన మనుషులతో పాటు దిగాయంట ఈ ఎలకలు, అందుకని పారిపోవాలని గానీ ముక్కుతో పొడవాలని గానీ ఆ పక్షికి పుట్టుకతో తెలీదు. తెల్లారేసరికి వీపు మీద పెద్ద గాయం, ఇంకా బతికే ఉంది. అక్కడితో ఆపేశా, మిగతాది చూడలేకపోయా.

ఇప్పుడు నా గోల ఏంటంటే, ఎలక తప్పు ఏముంది ఇందులో? దాన్ని అక్కడికి తీసుకెళ్ళింది మనం, ఆకలేసింది, దొరికింది తింది. పక్షి తప్పూ లేదు. మరి ఏ లెక్కన ఒకదాని ప్రాణం ఎక్కువ అయింది? తక్కువ మిగిలాయి కాబట్టి ఎక్కువా? అసలు ఈ తీర్పు చెప్పే హక్కు ఎవరిది, సైంటిస్టులదా, గవర్నమెంటుదా, సంతకాలు పెట్టే నాలాంటోళ్ళదా? సంతకం వెనక్కి తీసుకోవాలా వద్దా అనేది కూడా చెప్పండి. తిట్టాలనుకుంటే తిట్టండి గానీ కారణం చెప్పి తిట్టండి.

దీవులపిచ్చి:

సంతకం వెనక్కి తీసుకోండి. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏమనుకోకండి.

మీరు చంపడం వర్సెస్ చంపకపోవడం అని చూస్తున్నారు, అక్కడ అసలు ఆ ఆప్షనే లేదండీ. చంపితే ఎలకలు ఒక్కసారి చస్తాయి, చంపకపోతే పక్షి పిల్లలు ఏటేటా చస్తూనే ఉంటాయి, ఏదో ఒక ఏడు చావడానికి కూడా మిగలవు. చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఒక పక్క చేరడమే, కాకపోతే రక్తం మన చేతికి అంటదు కాబట్టి రాత్రి నిద్ర పడుతుంది.

పసిఫిక్‌లో గాలపాగోస్ దీవులు తీసుకోండి. పాత రోజుల్లో ఓడలవాళ్ళు తినడానికని వదిలిన మేకలు అడవి మేకలైపోయి పెద్ద తాబేళ్ళు తినే గడ్డీ చెట్లూ మొత్తం నాకేశాయి. చెట్లు పోతే పొగమంచు నీటిచుక్కలుగా కిందికి జారడం కూడా పోయింది, తాబేళ్ళు పడుకునే నీటి మడుగులు ఎండిపోయాయి. 1997 నుంచి 2006 దాకా ప్రాజెక్ట్ ఇసబెలా అని నడిపి లక్షన్నరకి పైగా మేకల్ని చంపారు. చివర్లో మిగిలినవి ఎక్కడ దాక్కున్నాయో దొరకవు కదా, అందుకు ఒక మేకకి రేడియో కాలర్ కట్టి వదిలేవాళ్ళు, మేక ఒంటరిగా ఉండలేదు, తోటి మేకల్ని వెతుక్కుంటూ వెళ్తుంది, వెనకాలే హెలికాప్టర్. మిగతావాటిని కాల్చి కాలర్ ఉన్నదాన్ని మాత్రం వదిలేస్తారు, అది మళ్ళీ ఇంకో మందని వెతుక్కుంటుంది. దానికి జూడాస్ మేక అని పేరు, ఏసుని పట్టించిన జూడాస్ పేరు మీద. నేను ఈ పనులకి ఫుల్ సపోర్టే, అయినా ఆ కాలర్ మేక సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అక్కడ ఇప్పుడు పచ్చదనం తిరిగొచ్చింది.

నా దృష్టిలో పాపం ఎక్కడుందంటే సగం సగం పని చెయ్యడంలో. ఆస్ట్రేలియాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న మక్వారీ దీవిలో ముందు పిల్లుల్ని చంపారు, 2000 కల్లా ఒక్కటి లేకుండా చేశారు, అవేమో కుందేళ్ళని తినేవి. కుందేళ్ళ మీద వదిలిన వైరస్ పట్టు కూడా తగ్గుతూ వచ్చింది, దాంతో కుందేళ్ళు లక్ష దాటి కొండచరియల మీద గడ్డి వేళ్ళతో సహా తినేశాయి. 2006లో వానలకి చరియ విరిగి పెంగ్విన్ల మీద పడింది. చివరికి ఎలకలు, చిట్టెలకలు, కుందేళ్ళు మూడిట్నీ ఒకేసారి పెట్టుకుని, విషం చల్లి, తర్వాత ఏళ్ళ తరబడి కుక్కలతో దీవి అంతా గాలించి, 2014లో అయిపోయింది అని ప్రకటించారు. మొదటే అన్నీ కలిపి ఆలోచించుంటే ఎన్ని చావులు తప్పేవో.

ఒక్కప్రాణం:

పైన పెద్దమనిషి బాగానే చెప్పారు గానీ ఒక మాట మింగేశారు. మక్వారీలో ఆ విషం వల్ల చచ్చిన పక్షులెన్నో చెప్పలేదు. రెండు వేలకి పైనే. ఏ పక్షుల కోసం అంతా చేశారో ఆ పక్షులే. విషం తిన్న కుందేలు శవాన్ని తిని పెద్ద పెట్రెల్స్, స్కువాలు అనే సముద్రపక్షులు చచ్చాయి.

ఆ విషం పేరు బ్రోడిఫకూమ్. ఎలా పని చేస్తుందో తెలుసా, ఒంట్లో విటమిన్ కె తిరిగి తయారవకుండా అడ్డుపడుతుంది, దాంతో రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది, లోపల్లోపలే కారుతుంది. తిన్న రోజు ఏం కాదు, రెండో రోజూ ఏం కాదు. అదే దాని గొప్పంట, వెంటనే నొప్పి వస్తే ఎలకలు అనుమానపడి తినడం మానేస్తాయి కాబట్టి. తర్వాత నీరసం, కీళ్ళలో రక్తం, కొన్నిసార్లు వారం దాకా పడుతుంది ప్రాణం పోవడానికి. ఆల్బట్రాస్ పిల్ల వీడియో అందరికీ పంపుతారు, ఈ ఎలక వారం రోజుల వీడియో ఎవడూ తియ్యడు.

టామ్ రీగన్ అని ఒక ఫిలాసఫర్, 1983లోనే, మొత్తం వ్యవస్థ బాగు కోసం ఒక్కో ప్రాణిని బలివ్వొచ్చు అనే వాదానికి పర్యావరణ ఫాసిజం అని పేరు పెట్టాడు. పేరు ఘాటుగా ఉంది గానీ పాయింటు ఉంది. జాతి అనేది మనం కాగితం మీద గీసుకున్న గీత, దానికి నొప్పుండదు. నొప్పి ఉండేది ఈ ఎలకకి, ఆ పిల్లకి. ఆల్బట్రాస్ జాతి అంతరిస్తే ఆఖరి ఆల్బట్రాస్‌కి "అయ్యో నేను ఆఖరిదాన్ని" అని బాధ ఎక్కువేం ఉండదు కదా.

ఇంకోటి, ఈ లెక్క ఎప్పుడూ నోరులేని దాని మీదకే ఎందుకు వస్తుంది? అమెరికాలో చుక్కల గుడ్లగూబ తగ్గిపోయింది, ముఖ్యంగా ముదురు అడవులు నరకడం వల్ల. ఇప్పుడు తూర్పు నుంచి వచ్చిన చారల గుడ్లగూబ దాన్ని తరిమేస్తోందని 2024లో ఒక ప్లాన్ ఓకే చేశారు, 30 ఏళ్ళలో నాలుగున్నర లక్షల దాకా చారల గుడ్లగూబల్ని కాల్చొచ్చని. అడవి నరికింది మనిషి, తూటా తినేది గుడ్లగూబ. దీనికి నీతి అని పేరు పెట్టకండి, చేతకానితనం అనండి, అప్పుడు ఒప్పుకుంటా.

దీవులపిచ్చి:

@ఒక్కప్రాణం రెండు వేల సంగతి నిజమే, దాయాలని కాదు, పోస్టు పెద్దదైపోతోందని వదిలేశా. మొదటి ఏడు వాతావరణం బాగోక పని మధ్యలో ఆగింది, అప్పటికే చచ్చిన పక్షుల్ని చూశాక, ముందు కుందేళ్ళ మీద ఇంకో వైరస్ వదిలి తగ్గించి, అప్పుడు మళ్ళీ విషం చల్లారు, శవాలు తక్కువ పడాలని. చచ్చిన వాటిని ఏరడానికి మనుషుల్ని కూడా పెట్టారు.

జాతికి నొప్పుండదు అన్నారు, ఒప్పుకుంటా. కానీ ఇంకా పుట్టని లక్షల పిల్లలు? ఆఖరి జంట పోతే వాటికి పుట్టే అవకాశమే పోయింది కదా. దానికి మీ లెక్కలో కాలమ్ లేదా?

ఒక్కప్రాణం:

పుట్టని వాటి కోసం పుట్టిన వాటిని చంపమంటున్నారా? ఇదే మాట మనుషుల గురించి అని చూడండి ఎలా ఉంటుందో.

మీమ్‌మామ:

ఇంతకీ ఎలక ఓటు ఎటు 😂 సారీ సారీ, కంటిన్యూ చెయ్యండి

ఫైలుమోత:

మీమ్‌మామ జోకేశాడు గానీ అసలు పాయింటు అదే. రాయుడు గారు ఎవరిది హక్కు అని అడిగారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

ఇటలీలో 1948లో అమెరికా బూడిద ఉడతలు రెండు జంటలు వదిలారు, పీడ్‌మాంట్ ప్రాంతంలో. యాభై ఏళ్ళకి అవి పెరుగుతూ పోయి అక్కడి ఎర్ర ఉడతల్ని నెట్టేస్తున్నాయి. 1997లో సరే ఇంకా చిన్న ప్రాంతమే కదా, ఇప్పుడైతే అయిపోతుంది అని ట్రయల్ మొదలెట్టారు, బోనులో పట్టి మత్తు ఇచ్చి చంపడం, ఉన్నంతలో నొప్పి లేని పద్ధతే. 188 ఉడతలు. జంతు హక్కుల సంఘాలు కోర్టుకెళ్ళాయి, పని ఆగింది, ఆఫీసర్ల మీద కేసు. 2000లో వాళ్ళు నిర్దోషులని తేలింది. తేలితే ఏం లాభం, కేసు నడిచినన్నాళ్ళూ ఉడతలు వాయిదాలు అడగవు కదా, అవి పాకిపోయాయి, చెయ్యి దాటిపోయింది. ఆ రోజు కొన్ని వేలతో పోయేది, తర్వాత ఎన్ని చంపినా తరగని పని అయి కూర్చుంది. దయతో వేసిన కేసే, నేను వాళ్ళని తప్పుపట్టను, కానీ ఆలస్యం కూడా చంపుతుంది అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు కొలంబియా హిప్పోలు చూడండి. డ్రగ్స్ మాఫియా డాన్ ఎస్కోబార్ తన జూ కోసం 1980ల్లో నాలుగు తెప్పించాడు. వాడు 1993లో పోయాడు, హిప్పోలు నదిలోకి పోయాయి. 2009లో ఒకదాన్ని కాల్చారు, సైనికులు శవం పక్కన నిలబడి ఫొటో దిగారు, ఆ ఫొటో బయటికొచ్చి దేశమంతా గొడవ, కోర్టు ఆపమంది. అక్కడి నుంచి ఏ నాయకుడికీ ఆ ఫైలు ముట్టుకునే ధైర్యం లేదు. 2022లో గానీ హానికర జాతి అని ప్రకటించలేదు, 2023 చివర్లో కొన్నిటికి ఆపరేషన్, కొన్నిటిని వేరే దేశాలకి, కొన్నిటిని చంపడం అని ప్లాన్ చెప్పారు, అప్పటికి వందన్నర దాటిపోయాయి. 2009లో ఎన్నో ఉండేవి కావు. హిప్పో ముద్దుగా కనిపిస్తుంది కాబట్టి ఇదంతా. అదే ఎలకైతే ఫొటో ఎవడూ షేర్ చెయ్యడు.

న్యూజిలాండ్‌లో 2016లో 2050 నాటికి ఎలకలు, స్టోట్‌లు (ముంగిసలాంటివి), పోసమ్‌లు (చెట్లెక్కే సంచి జంతువులు) లేకుండా చేస్తాం అని ప్రకటించారు. పక్షుల్ని చంపడంలో పిల్లి ఏం తక్కువ తినలేదు, అమెరికాలోనే బయట తిరిగే పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతాయని 2013లో ఒక అంచనా వచ్చింది. అయినా ఆ రోజు ప్రకటించిన లిస్టులో పిల్లి లేదు. ఎందుకు లేదో నన్నడిగితే, పిల్లిని పెంచుకునేవాళ్ళకి ఓటుంది. ఇది నా అనుమానం మాత్రమే, ఎవరూ ఒప్పుకోరు.

ఎక్కువగా మనుషుల్లేని దీవుల్లోనే ఈ పనులు జరుగుతాయి గమనించారా? సైన్సు పరంగా కారణాలున్నాయి, చుట్టూ నీళ్ళుంటే మళ్ళీ రావు. కానీ అడ్డం చెప్పే ఓటరు లేకపోవడం కూడా ఒక సౌకర్యమే. జనం ఉన్న చోట ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని లార్డ్ హవ్ దీవిలో కనబడింది. 1918లో ఓడ ఒకటి తీరం దగ్గర నేలకి తగిలి ఆగిపోయి ఎలకలు దిగాయి, తర్వాత అక్కడ తప్ప ఎక్కడా లేని ఐదు పక్షి జాతులు పోయాయి. ఉండేది మూడున్నర వందల మంది జనం. విషం వేద్దామా అని 2015లో అడిగితే సగం కంటే కొంచెం ఎక్కువ మంది సరే అన్నారు, మిగతా వాళ్ళు మా పిల్లలు ఆడుకునే చోట విషమేంటి అన్నారు. ఊరు రెండుగా చీలింది, పక్కపక్క ఇళ్ళ వాళ్ళు మాట్లాడుకోవడం మానేసేంత. పని 2019లో జరిగింది. అక్కడి ఎగరలేని కోడిలాంటి పక్షి ఉంది, వుడ్‌హెన్, వాటిని ముందే పట్టి బోనుల్లో పెట్టి, పని అయ్యాక వదిలారు. ఇప్పుడు అవి ఎన్నో రెట్లు పెరిగాయి. 2021లో మళ్ళీ ఎలక కనపడింది, వెంటనే వెంటపడ్డారు.

నాకు ఇందులో నచ్చింది ఫలితం కాదు, చీలినా సరే ముందు అడిగారు, పోట్లాడుకునే టైమిచ్చారు. నాకైతే తీర్పు ఎవరిచ్చారు అన్నదానికంటే, ఆ తీర్పుకి రేపు జవాబు చెప్పడానికి ఎవడి పేరు కాగితం మీద ఉంది అన్నదే ముఖ్యం.

రాత్రిడ్యూటీ:

నేను మీలాగా చదువుకున్నదాన్ని కాదు, ఫిలాసఫర్ల పేర్లు తెలీవు. ఒక విషయం చెప్పి వెళ్ళిపోతా.

ఒకసారి ఇంట్లో ఎలక పడిందని గమ్ ప్యాడ్ పెట్టా. అర్ధరాత్రి చప్పుడు. లేచి లైటేస్తే పక్కకి పడి ఉంది, ఒక చెంప అట్టకి అంటుకుపోయింది, ఒక కన్ను మూత పడదు. ఒక ముందు కాలు ఎలాగో పీక్కుంది, పీక్కున్న చోట బొచ్చు ఊడొచ్చి గులాబీ రంగు చర్మం. అరుస్తోంది, మన చెవికి సగమే వినపడుతుందంట ఆ అరుపు. నూనె పోస్తే జిగురు వదులుతుందని తెలుసు, పోశా, గంట కూర్చున్నా దూదితో తుడుస్తూ. బయట వదిలా. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పొద్దున చూస్తే అక్కడే ఉంది, చచ్చిపోయి.

అప్పట్నుంచి స్ప్రింగు బోను వాడుతున్నా, మెడ మీద పడుతుంది, క్షణంలో అయిపోతుంది. చంపడం మానలేదు. మానానని గొప్పలు చెప్పను. కానీ చంపడం ఒకటే, ఎలా చంపినా ఒకటే అనేవాళ్ళతో నాకు పడదు.

ఇక్కడ అందరూ చంపాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, ఎలా అనేది ఒక్కప్రాణం గారు తప్ప ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు పుట్టకుండా చెయ్యొచ్చు కదా? అమెరికాలో అస్సటీగ్ అనే దీవిలో అడవి గుర్రాలకి 1994లో మొదలెట్టి ఏళ్ళ తరబడి సూది వేశారంట, దూరం నుంచి తుపాకీతో బాణంలా కొట్టి, గర్భం రాకుండా. ఎవర్నీ చంపకుండా మంద తగ్గింది. కాకపోతే చాలా ఏళ్ళు పట్టింది, కనే బాధ లేక ఆడ గుర్రాలు ఇంకా ఎక్కువ కాలం బతికాయంట, ఇది చదివి నవ్వొచ్చింది నాకు.

దీవులపిచ్చి:

@రాత్రిడ్యూటీ మీరు చదువుకోలేదనకండి, ఇక్కడ అందరికంటే సూటిగా మాట్లాడింది మీరే. గుర్రాలకి కుదిరింది ఎందుకంటే అవి వందల్లో ఉంటాయి, ఒక్కోదాన్ని మొహం చూసి గుర్తుపట్టొచ్చు. దీవి మీద లక్షల ఎలకలకి సూదులు ఎవరు వేస్తారు. ఎలకలకి మందు పెట్టి సంతానం తగ్గించే ప్రయత్నాలు ఉన్నాయి గానీ తగ్గడం వేరు, సున్నా అవడం వేరు, సున్నా కాకపోతే ఏడాదిలో మొదటికొస్తుంది.

ఫైలుమోత:

ఇంకో మాట మర్చిపోయా. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే ప్రకృతి చూసుకుంటుంది అనేవాళ్ళకి. నెదర్లాండ్స్‌లో ఊస్త్‌ఫార్డర్స్‌ప్లాసెన్ అని సముద్రపు నీళ్ళు తోడేసి తీసిన నేల మీద చుట్టూ కంచె వేసి పశువులు, గుర్రాలు, ఎర్ర జింకల్ని వదిలారు, మనిషి జోక్యం లేకుండా ఎలా ఉంటుందో చూద్దామని. అవి పెరిగాయి, తోడేళ్ళు లేవు, వలస పోదామంటే కంచె. 2017-18 చలికాలంలో మూడు వేలకి పైగా పోయాయి, ఎక్కువ భాగం ఎలాగూ ఆకలితో చస్తాయని సిబ్బందే కాల్చారు. జనం కంచె మీద నుంచి గడ్డి మోపులు విసిరారు, సిబ్బందికి చంపుతామని బెదిరింపులు. చివరికి ఇన్ని జంతువుల కంటే ఎక్కువ ఉండకూడదు అని లెక్క కట్టారు, అంటే మళ్ళీ మనిషి జోక్యమే. కంచె వేసిన రోజే జోక్యం మొదలైంది కదా.

సందేహాలరాయుడు:

అందరికీ థాంక్స్, ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. రాత్రిడ్యూటీ గారు, మీ పోస్టు చదివి మా ఇంట్లో అటక మీద ఉన్న గమ్ ప్యాడ్లు తీసి చెత్తలో పడేశా. చీమని తొక్కని వాడినని పైన రాసుకున్నా, అవి నేనే కొన్నవి, సిగ్గేసింది.

నా ఫ్రెండుతో మళ్ళీ మాట్లాడా. గాఫ్‌లో 2021లో ఆల్రెడీ విషం చల్లారంట, అంతా అయిపోయింది అనుకుంటుండగా డిసెంబర్లో కెమెరాలో ఒక చిట్టెలక కనపడిందంట. ఒక్కటి. అంటే కొన్ని మిగిలాయి, మళ్ళీ పెరిగాయి. ఇన్ని చావులూ దేనికి పనికొచ్చినట్టు అని అడిగా. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ ఒక్క సీజన్లో గూళ్ళలో పిల్లలు మామూలు కంటే చాలా ఎక్కువ బతికాయి, అది మాత్రం కళ్ళతో చూసిన వాళ్ళున్నారు అంది. ఓడిపోయిన గొంతూ కాదు, గెలిచిన గొంతూ కాదు.

సంతకం వెనక్కి తీసుకున్నా. కానీ ఊరుకోబుద్ధి కావట్లేదు, ఒక్కప్రాణం గారి మాట కూడా ముల్లులా గుచ్చుకుంటోంది. అందుకని ఆ పిటిషన్ పెట్టినవాళ్ళకి మెయిల్ రాద్దామనుకుంటున్నా, "ఆపండి" అని కాకుండా ప్రశ్నలు అడగండి అని. ఏ విషం, ఎందుకు అదే, త్వరగా చంపేది ఏదైనా ట్రై చేశారా, వేరే పక్షుల్ని ముందే పట్టి దాస్తున్నారా, శవాలు ఎవరు ఏరుతారు, ఒక్కటి మిగిలితే తర్వాత ప్లాన్ ఏంటి, ఫెయిలైతే జవాబు చెప్పేదెవరు, పేరుతో సహా. ఇంకేమైనా కలపాలా?

ఒక్కప్రాణం:

ఒకటి కలపండి. ఇంకో ఓడ, ఇంకో ఎలక రాకుండా రేవులో ఏం చేస్తున్నారు అని. అది మొదటి ప్రశ్నగా పెట్టండి, చివర్లో కాదు. నా వ్యతిరేకత అలాగే ఉంది, కానీ ఈ మెయిల్ కింద నా పేరు వేసుకోవచ్చు.

ఫైలుమోత:

డ్రాఫ్టు ఇక్కడే పెట్టండి, భాష నేను చూస్తా. "విన్నవించుకుంటున్నాం" లాంటివి రాయకండి.